కట్టెల పొయ్యి మీద మేపుల్ రసం జోరుగా మరగాలంటే: చిన్న ఎవాపరేటర్ వాడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మేపుల్ చెట్టు కాండం నుంచి కారే తీపి రసాన్ని మరిగించి, నీళ్లు ఆవిరి చేసి సిరప్ చేస్తారు. అందుకు వాడే పొయ్యినీ, దాని మీది వెడల్పాటి పాన్‌నూ కలిపి ఎవాపరేటర్ అంటారు. అమెరికా, కెనడాల్లో వెర్మాంట్, మిషిగన్, ఒంటారియో వైపు ఇంటి వెనక మేపుల్ చెట్లున్న మనవాళ్లు ఏటా ఫిబ్రవరి చివర్లో ఇదే అడుగుతున్నారు: "పొద్దుటి నుంచి మంట వేస్తూనే ఉన్నాం, గంటకు రెండు గ్యాలన్లు కూడా ఆవిరి కావడం లేదు. పెద్ద పాన్ కొనమంటారా?"

కొనకండి. పాన్ సంగతి చివర చూడొచ్చు. ముందు కట్టెలు, తర్వాత గాలి, ఆ తర్వాత రసం పోసే తీరు సరిచేసుకోండి. డబ్బు పెట్టకుండా దిద్దుకోగలిగేవి ఈ మూడే. చాలామంది పొయ్యిల్లో లోపం ఉండేదీ వీటిలోనే.

## 1. మీ పొయ్యికి ఎంత రావాలో ముందు లెక్క వేసుకోండి

మేపుల్ రసంలో చక్కెర సాధారణంగా 2 శాతం దగ్గర ఉంటుంది. 86ని ఆ శాతంతో భాగిస్తే ఒక గ్యాలన్ సిరప్‌కి ఎన్ని గ్యాలన్ల రసం కావాలో తెలుస్తుంది. 2 శాతం ఉంటే 43 గ్యాలన్లు. అంటే 42 గ్యాలన్ల నీళ్లు, మన లెక్కలో దాదాపు 160 లీటర్లు, ఆవిరిగా పోవాలి.

చదునైన అడుగున్న పాన్‌కి చదరపు అడుగుకు గంటకు ఒక గ్యాలన్ ఆవిరైతే బాగా మరుగుతున్నట్టే. 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవున్న పాన్‌కి గంటకు 6 గ్యాలన్లు రావాలి. అడుగున లోతైన మడతలున్న ఫ్లూ పాన్లకు ఇంకా ఎక్కువ వస్తుంది, వాటిని ఈ లెక్కతో పోల్చుకోవద్దు. మంట తగిలే అడుగు భాగాన్నే కొలవండి. ఇటుకల మీద ఆనుకున్న అంచులు లెక్కలోకి రావు.

మీ రేటు, అంటే గంటకు ఎన్ని గ్యాలన్లు ఆవిరవుతున్నాయో కొలవడం ఇలా:

- పాన్ అంతా సలసల మరిగేదాకా ఆగండి. వేడెక్కే సమయాన్ని లెక్కలో కలపొద్దు.
- స్టీల్ స్కేలుతో లోతు కొలిచి రాసుకోండి.
- గీతలున్న 5 గ్యాలన్ల బకెట్ నుంచి రసం పోస్తూ గంటసేపు లోతు మారకుండా చూడండి.
- గంటలో బకెట్ నుంచి ఎంత పోశారో అదే మీ రేటు.

ఈ అంకె లేకుండా ఏ మార్పు చేసినా లాభం ఉందో లేదో తెలియదు. "ఈసారి బాగా మరిగినట్టుంది" అన్న మాట నమ్మకండి. ఆవిరి ఎంత కనబడుతుందన్నది చలిని బట్టి మారుతుంది. గడ్డకట్టే చలిలో కాస్త మరిగినా మబ్బులా లేస్తుంది.

సమయం కూడా ఈ అంకెతోనే తేలుతుంది. చేతిలో 30 గ్యాలన్ల రసం, రేటు 6 అయితే మరగడానికే 5 గంటలు. పొయ్యి వెలిగించడం, ఆర్పడం దీనికి అదనం. ఆఫీసు అయ్యాక మొదలుపెడితే అర్ధరాత్రి దాటుతుంది. శని, ఆదివారాలకు పెట్టుకోవడమే నయం. అప్పటిదాకా రసాన్ని మంచులో గానీ ఫ్రిజ్‌లో గానీ ఉంచండి. ఎండ తగిలితే పాలలాగే చెడుతుంది.

## 2. కట్టెలు: సగం పని ఇక్కడే అయిపోవాలి

అనకాపల్లి వైపు బెల్లం వండేచోట పొయ్యి ముందు కూర్చున్న మనిషిని చూస్తే ఈ విభాగం అంతా అర్థమైపోతుంది. ఎండలో గలగలలాడేలా ఎండిన చెరకు పిప్పిని కొద్దికొద్దిగా ఎగదోస్తూనే ఉంటాడు. ఎండిన ఇంధనం, సన్నటి ఇంధనం, కొంచెం కొంచెంగా. మేపుల్ పొయ్యికీ సరిగ్గా అదే కావాలి.

అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. అలాంటి కట్టె వేస్తే ముందు కట్టెలోని నీళ్లను మరిగిస్తారు, మిగిలిన వేడితో రసాన్ని మరిగిస్తారు. ఎంత మంచి పొయ్యి అయినా దీన్ని దాటలేదు.

ఎండిందో లేదో తేల్చుకోవడానికి కట్టెను నిలువునా చీల్చి, కొత్తగా బయటపడ్డ లోపలి ముఖం మీద మాయిశ్చర్ మీటర్ గుచ్చండి. 20 శాతం లోపు ఉండాలి. బయటి వైపు కొలిస్తే మీటర్ మోసం చేస్తుంది. మీటర్ లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టండి. ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి.

మామూలు కట్టె ఈ వసంతంలో చీల్చి పేరిస్తే వచ్చే సీజన్‌కి పనికొస్తుంది. ఓక్‌కి రెండేళ్లు పడుతుంది. మొద్దులుగా ఉంచితే ఎన్నాళ్లయినా లోపల తడి పోదు, చీల్చి పేర్చాల్సిందే. పేర్పు పైన మాత్రమే కప్పండి, పక్కలకు గాలి తగలనివ్వండి.

ఇక లావు. ఇంట్లో చలిమంటకు వేసే సైజు ఇక్కడ పనికిరాదు. ఆ కట్టె నింపాదిగా, రాత్రంతా కాలడానికి చీల్చింది. మనకు కావలసింది ఇప్పుడే, పాన్ కిందే, పొడవైన మంట. మణికట్టు లావుకు మించకుండా చీల్చండి, ఇంకా సన్నమైతే మరీ మంచిది. మంట కట్టె ఉపరితలం మీద పుడుతుంది. ఒక లావు దుంగను ఎనిమిది పేళ్లు చేస్తే మంట పట్టే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇది ఒళ్లు నొప్పులు తెచ్చే పనే. కానీ రేటు పెంచడానికి ఒక్క పనే చేసే ఓపిక ఉందంటే నేను ఇదే చేయమంటాను.

పైన్, హెమ్లాక్ లాంటి మెత్త కర్రను చిన్నచూపు చూడొద్దు. ఎండిన మెత్త కర్ర పొడవైన మంటనిస్తుంది. ఓక్, మేపుల్ లాంటి గట్టి కర్ర ఎక్కువ నిప్పులనిస్తుంది. రెండూ కలిపి వేయడం నాకు నచ్చిన పద్ధతి. రంపపు మిల్లుల్లో దొరికే చెక్క పక్కముక్కలు చవక, సన్నవి, త్వరగా ఎండుతాయి.

వేయకూడనివి:

- రంగు వేసినవి, మందు పట్టించిన కలప, ప్లైవుడ్
- ఎంబీ ముద్ర ఉన్న ప్యాలెట్లు (మిథైల్ బ్రోమైడ్ పట్టించినవి). హెచ్‌టీ ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినవి, వాడొచ్చు
- తడిసిన కట్టె. మంచు అంటుకున్నవాటిని ముందు రోజే షెడ్డులోకి తెచ్చుకోండి

## 3. పొయ్యి లోపలి రూపం

సిమెంటు దిమ్మెలతో కట్టుకున్నా, పాత ఆయిల్ ట్యాంకు కోసి చేసుకున్నా, రెడీమేడ్ కొన్నా చూడాల్సినవి ఇవే.

మంట పాన్‌ను రాసుకుంటూ పోవాలి. ముందు భాగంలో కట్టెలు కాలే గది. దాని వెనక నేలను వాలుగా పైకి లేపాలి. వెనక భాగాన్ని ఖాళీగా వదిలేస్తే వేడి గాలి కిందినుంచే దొర్లుకుంటూ పొగగొట్టంలోకి పోతుంది. ఇసుక గానీ ఇటుకలు గానీ నింపి, పాన్ అడుగుకూ నింపిన దానికీ మధ్య సన్నటి సందు మాత్రం ఉంచండి.

ఎంత సందు? అక్కడి ఖాళీ వైశాల్యం పొగగొట్టం నోటి వైశాల్యం కన్నా తగ్గకూడదు. 6 అంగుళాల గొట్టం నోరు సుమారు 28 చదరపు అంగుళాలు. లోపలి వెడల్పు 24 అంగుళాలైతే అంగుళంన్నర సందు 36 ఇస్తుంది, చాలు. 8 అంగుళాల గొట్టానికి 50 చదరపు అంగుళాలు కావాలి, అంటే 2 అంగుళాల పైచిలుకు. ఇంతకన్నా బిగిస్తే పొగ తలుపులోంచి వెనక్కి తన్నుతుంది.

లోపలి వేడిని గోడలు తాగకూడదు. ఉత్త సిమెంటు దిమ్మెలు, ఉత్త ఇనుము సెగనంతా బయటికి పంపేస్తాయి. లోపల ఫైర్ బ్రిక్ (మంటకు తట్టుకునే ఇటుక) పరచండి, దాని వెనక సెరామిక్ బ్లాంకెట్ (వేడిని ఆపే పీచు దుప్పటి) పెట్టగలిగితే ఇంకా మంచిది. ఆ బ్లాంకెట్ కోసేటప్పుడు నుసి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఎన్95 మాస్క్, చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

పాన్ చుట్టూ సందులు మూయాలి. పాన్ అంచుకూ పొయ్యికీ మధ్య గాస్కెట్ తాడు (వేడికి తట్టుకుని సందు మూసే తాడు) పెట్టండి. ఆ సందుల్లోంచి చల్లగాలి లోపలికి పీల్చుకుంటే పాన్ అడుగు చల్లబడుతుంది. వెలుగుతున్న అగరుబత్తి అంచు వెంట తిప్పితే గాలి ఎక్కడ లోపలికి పోతోందో పొగే చూపిస్తుంది.

పాన్. ఆహారానికి పనికొచ్చే స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రమే. జింకు పూత రేకులు, సీసం టంకంతో అతికిన పాత పాన్లు చవగ్గా దొరికినా వద్దు.

## 4. గాలి

గాలి ఊచల గ్రేటు కిందినుంచి రావాలి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తలుపు ఓరగా తెరిచి ఉంచి "గాలి ఇస్తున్నాం" అనుకునేవాళ్లు చాలామంది. తలుపులోంచి వచ్చే చల్లగాలి నిప్పుల మీదుగా దాటి నేరుగా పాన్ అడుగుకు తగులుతుంది. మంట ఎగిసినట్టు కనిపిస్తుంది, మరుగు మాత్రం పడిపోతుంది.

గ్రేటు పాన్‌కి సుమారు 12 అంగుళాల కింద ఉంటే చిన్న పొయ్యిలో కట్టెకూ మంటకూ చోటు సరిపోతుంది. గ్రేటు కింద బూడిద నిండకుండా ఎప్పటికప్పుడు లాగేయండి. బూడిద ఊచలను తాకితే గాలి ఆగుతుంది, ఊచలు కూడా వేడికి వంగిపోతాయి.

పొగగొట్టం నిటారుగా, పొయ్యి పొడవుకు రెండింతల ఎత్తుకు తగ్గకుండా ఉండాలన్నది పాత కొండగుర్తు. మోకాలి వంపులు తగ్గించండి.

ఇవన్నీ చేశాక కూడా మంట మందంగా ఉంటే అప్పుడు బ్లోయర్. బూడిద గదిలోకి గాలి ఊదే చిన్న ఫ్యాన్ చాలు, కానీ గాలిని తగ్గించే గేటు ఉండాలి. పొగగొట్టం అడుగు ఎర్రబడినా, పైనుంచి నిప్పురవ్వలు లేచినా గాలి ఎక్కువైనట్టే. ఆ వేడి పాన్‌ను దాటేసి ఆకాశంలోకి పోతోంది.

గొట్టం అడుగున ప్రోబ్ థర్మామీటర్ ఒకటి బిగించండి. బాగా మరిగిన రోజున అది ఎంత చూపిందో రాసుకుని, తర్వాత అదే అంకె దగ్గర నిలపండి. ఒక పొయ్యి అంకె ఇంకో పొయ్యికి పనికిరాదు.

## 5. వెలిగించే క్రమం

సీజన్ మొదలవకముందే ఒకసారి ఉత్త నీళ్లతో ట్రయల్ వేయండి. లీకులు బయటపడతాయి, కొత్త పాన్‌కి అంటిన నూనె పోతుంది, మీ అసలు రేటూ తెలుస్తుంది.

1. పాన్ సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి. నేల మంచు కరిగితే పొయ్యి ఓ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన వైపు లోతు, రెండో వైపు మాడు.
2. కుళాయి మూసి ఉందో చూడండి.
3. రెండు అంగుళాల లోతు రసం పోయండి. పాన్‌లో రసం లేకుండా అగ్గిపుల్ల గీయొద్దు.
4. డ్యాంపర్ (పొగగొట్టంలో గాలి లాగుడును తగ్గించే రేకు) పూర్తిగా తెరవండి.
5. చితుకులు, సన్నటి పేళ్లు పేర్చి వెలిగించండి.
6. నిప్పులు పరుచుకున్నాక అసలు కట్టెలు మొదలుపెట్టండి.

## 6. మంట వేసే క్రమం

ఫోన్‌లో 8 నిమిషాలకు అలారం పెట్టండి. మోగినప్పుడల్లా నాలుగైదు పేళ్లు వేయండి. మీ పొయ్యిని బట్టి 7 నుంచి 10 నిమిషాల మధ్య ఎక్కడో ఒకచోట కుదురుతుంది. కళ్లతో చూసి "ఇంకా మండుతోందిలే" అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. మంట తగ్గాక వేసిన కట్టె వేడెక్కడానికి కొన్ని నిమిషాలు తింటుంది, ఈలోగా మరుగు కూర్చుంటుంది.

- ఒకసారి ఎడమవైపు, ఇంకోసారి కుడివైపు వేయండి. ఒక పక్క ఎప్పుడూ జోరుగా మండుతూ ఉండాలి.
- అడ్డదిడ్డంగా వేయండి. వరసగా పేరిస్తే మధ్యలో గాలి ఆడదు.
- పాన్ అడుగు దాకా కుక్కొద్దు. మంటకు పైన ఖాళీ కావాలి.
- బ్లోయర్ ఉంటే ముందు ఆపి, తర్వాతే తలుపు తీయండి.
- పేళ్లు చేతిలో పట్టుకున్నాకే తలుపు తీయండి. పదే సెకన్లలో మూసేయాలి.

గట్టి కర్రే వేస్తుంటే రెండు మూడు గంటలకు కణకణలాడే నిప్పులు జానెడు ఎత్తు పేరుకుపోతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ గాలి అడ్డుకుంటుంది, కట్టెకు చోటుండదు. నిప్పులను చువ్వతో కదిపి, కాసేపు ఎండిన మెత్త కర్ర మాత్రమే వేస్తే కాలిపోయి దిగుతాయి.

## 7. రసం పోసే క్రమం

ఒక గ్యాలన్ నీటిని 40 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి మరుగుదాకా తేవడానికి సుమారు 1,430 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. మరిగే ఆ నీటిని ఆవిరి చేయడానికి మరో 8,090. అంటే మొత్తం వేడిలో ఏడో వంతు, చల్లటి రసాన్ని వేడి చేయడానికే పోతుంది. రసాన్ని ముందే వేడి చేసి పోస్తే లాభం ఇదీ. రెట్టింపు కాదు, కానీ ఊరికే వచ్చేది.

పాన్ వెనక, పొగగొట్టం పక్కన ఒక స్టీల్ ట్రే పెట్టి, దానికి చిన్న కుళాయి బిగించండి. సన్నటి ధారగా పాన్‌లోకి పడుతూ ఉండాలి. ట్రే పాన్ మీద పరుచుకుని ఆవిరికి అడ్డం రాకూడదు. ట్రే కుదరకపోతే చెంబెడు చెంబెడుగా, వెనక మూల నుంచి పోయండి. బకెట్ ఒకేసారి గుమ్మరించారా, మరుగు చచ్చిపోతుంది. మళ్లీ లేవడానికి పట్టే పది నిమిషాలూ నష్టమే.

లోతు గురించి చాలా వాదనలున్నాయి. నా మాట ఇది: అంగుళంన్నర దగ్గర ఉంచండి, చేయి తిరిగాక అంగుళానికి రండి. లోతు తగ్గిస్తే ఆవిరి రేటు అమాంతం పెరగదు, పాన్ కిందికి ఎంత వేడి చేరుతోందన్నదే రేటును నిర్ణయిస్తుంది. లోతు తక్కువైతే రసం పాన్‌లో తక్కువసేపు ఉంటుంది కాబట్టి సిరప్ లేత రంగులో వస్తుంది, లాభం అదే. అంగుళం లోపు రానిస్తే ఒక్క ఫోన్ కాల్ చాలు, అడుగంటిపోతుంది.

గంటలు తగ్గించుకోవాలంటే రసాన్నే చిక్కబరచడం ఇంకో దారి. రసంలోంచి నీళ్లను వేరుచేసే చిన్న ఆర్‌ఓ మెషిన్‌తో 2 శాతాన్ని 4 చేస్తే 43 గ్యాలన్ల బదులు 21.5 మాత్రమే మరిగించాలి. అది లేకపోతే రాత్రి బకెట్లలో గడ్డకట్టిన ఐసును తీసి పారేయండి. ఐసులో చక్కెర తక్కువ ఉంటుంది, కొంచెం పోయినా కట్టెలు మిగులుతాయి.

## 8. నురగ, మసి, గార

నురగ పొంగితే వెన్న నలుసంత చాలు, లేదా ఒక్క చుక్క వంటనూనె. వెన్న వాడితే, పాలు పడనివాళ్లకు సిరప్ ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వండి.

పాన్ అడుగున బయట మసి, లోపల తెల్లటి గార. రెండూ వేడిని ఆపుతాయి. మసిని ప్రతి విడత తర్వాత బ్రష్‌తో గీకేయండి. గార రసంలోని ఖనిజాల వల్ల పేరుకుంటుంది, గరుకుగా ఇసుకలా తగులుతుంది, దాని కిందే పాకం మాడుతుంది. నీళ్లలో వెనిగర్ కలిపి రాత్రంతా నానబెట్టి మెత్తటి స్పాంజితో తుడవండి, తర్వాత రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగండి. ఇనుప పీచు వాడొద్దు.

## 9. మరుగును చూసి లోపం పట్టుకోవడం

పాన్ పక్కన నిలబడి ఒక్క నిమిషం మరుగునే చూడండి. బాగా ఉన్న మరుగులో బుడగలు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తెర్లుతూ ఉంటాయి, చిన్న తుంపర లేస్తుంది, అడుగు కనబడదు. ఎక్కడైనా ఉపరితలం నున్నగా, అరచేయంత మేర ఊరికే వణుకుతూ కనిపిస్తే సరిగ్గా దాని కిందికి మంట చేరడం లేదని అర్థం.

- ముందు తెర్లుతోంది, వెనక నిద్రపోతోంది: వెనక సందు ఎక్కువ. వాలు పైకి లేపండి.
- వెనకే జోరు, ముందు మందం: గాలి మరీ లాగుతోంది. డ్యాంపర్ గానీ బ్లోయర్ గానీ కొంచెం తగ్గించండి.
- అంచుల్లో మరుగు లేదు: పాన్ వెడల్పాటి ఇటుకల మీద కూర్చుంది, లేదా గాస్కెట్ కారుతోంది.
- కట్టె వేసినప్పుడల్లా ఆగిపోతోంది: తడి కట్టె, లావు కట్టె, లేదా తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటోంది.
- నల్లటి పొగ ఆగకుండా వస్తోంది: ఒకేసారి ఎక్కువ వేశారు, గాలి చాలడం లేదు.
- మొదట బాగుండి, మూడో గంటకు తగ్గింది: నిప్పులు నిండాయి, లేదా బూడిద నిండింది.
- వారం వారం తగ్గుతోంది: మసి, గార.

ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక మళ్లీ గంటసేపు రేటు కొలవండి.

## 10. దించడం, ఆర్పడం

పాకం చివరి దశను కట్టెల మంట మీద ముగించాలని చూడొద్దు. కట్టెల మంటను గ్యాస్‌లా టక్కున తగ్గించలేం. నీళ్లు ఆ రోజు ఎంత దగ్గర మరుగుతున్నాయో ముందే చూసుకోండి, వాతావరణాన్ని బట్టి అది కొంచెం మారుతుంది. దానికి 7.1 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన సిరప్ సిద్ధం. అంటే నీళ్లు 212 దగ్గర మరిగితే సిరప్ 219 దగ్గర. ఇంకా రెండు మూడు డిగ్రీలుండగానే దించి, ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద ముగించండి. గరిటె అంచు నుంచి చుక్కలుగా కాక తెరలా జారితే దగ్గరికొచ్చినట్టు. సిరప్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ఉంటే అదే ఖాయం. వేడిగా ఉండగానే వడకట్టి, 180 డిగ్రీలకు తగ్గకుండా సీసాల్లో పోయండి.

ఆర్పేటప్పుడు:

- ఆఖరి కట్టె వేయడం దించడానికి అరగంట ముందే ఆపండి.
- పాకం దించిన వెంటనే పాన్‌లో రెండు అంగుళాల రసం గానీ నీళ్లు గానీ పోయండి. నిప్పులున్నంతసేపూ పాన్ ఖాళీగా ఉండకూడదు.
- పొయ్యి మీద నీళ్లు చల్లొద్దు, ఇటుకలు పగులుతాయి. గాలి దారులు మూసి దానంతట అదే చల్లారనివ్వండి.
- బూడిదను మూతున్న ఇనుప డబ్బాలోకే ఎత్తండి, ఇంటికి దూరంగా పెట్టండి. నిప్పు లోపల రోజులతరబడి దాగి ఉంటుంది.
- గరాజ్‌లో, మూసిన షెడ్డులో ఎప్పుడూ మంట వేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బయట మంటకు మీ ఊళ్లో అనుమతి కావాలేమో టౌన్ ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి.